ఎడమ పక్క ఎత్తు

కాకినాడ నుంచి ఆ రసమట్టం తెచ్చుకున్న రోజు మొదలు లోవరాజుకి కాలు ఒకచోట నిలవడం మానేసింది.

తాపీ పనివాళ్ళకి రసమట్టం కొత్తేమీ కాదు. గోడ మీదో గడప మీదో పెడితే గాజు గొట్టంలో బుడగ అటో ఇటో జరుగుతుంది. ఎటు జరిగితే అటు ఎత్తు. నడిమి రెండు గీతల మధ్య నిలబడితే సమం. దాని విద్య అంతే. కానీ ఇది మామూలుది కాదు, దొరలది.

అడుగు పొడుగు ఉంటుంది. నల్లగా నిగనిగలాడే చేవ కర్ర, రెండు కొసలకీ ఇత్తడి తొడుగులు. గాజు గొట్టం మీద ఇత్తడి మూత, బొటనవేలితో తోస్తే కన్ను తెరిచినట్టు తెరుచుకుంటుంది. ఒక పక్కన చిన్న ఇత్తడి రేకు, దాని మీద అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాలు. బడి పంతులు గారు కళ్ళజోడు సర్దుకుని, "కంపెనీ పేరు చెరిగిపోయిందిరా, బర్మింగ్‌హాం అని మాత్రం కనిపిస్తోంది" అన్నారు. ఆ ముక్క విన్న దగ్గర్నుంచి లోవరాజు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అది అతని చేతికొచ్చిన తీరు కూడా చిత్రమే. కాకినాడ రేవు దగ్గర పాత బంగళా మరమ్మతుకి వెళ్ళి రెండు నెలలు పనిచేశాడు. ఒకప్పుడు అందులో ఇంజనీరు దొర ఉండేవాడట. దేశం వదిలి ఓడెక్కేటప్పుడు పనిముట్ల పెట్టె వదిలేసి పోయాడు. బంగళా కాపలా తాత పని అయిపోయిన రోజున లోవరాజుని పిలిచి, "పదేళ్ళ నుంచి ఈ పెట్టె మీద కూర్చుని అన్నం తింటున్నాను. లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. నీకు పనికొచ్చేదుంటే పట్టుకుపో" అన్నాడు. తుప్పు పట్టిన ఉలులూ రంపాలూ అన్నీ పక్కకి తోసి లోవరాజు ఇదొక్కటీ పట్టుకొచ్చాడు.

ఇంటికొచ్చి కాళ్ళయినా కడుక్కోలేదు. ముందు గడప మీద పెట్టాడు. బుడగ ఎడమ గీత దాటి నిలబడింది.

"గడప వంకర" అన్నాడు.

వంటింట్లో రోలు పక్కన పెట్టాడు. అదీ ఎడమే. అరుగు మీద పెట్టాడు. ఎడమే. ఆఖరికి మంచం పట్టె మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని కన్ను దగ్గరగా పెట్టి చూశాడు.

భార్య సత్యవేణి పొయ్యి ముందు నుంచి అంతా చూస్తోంది.

"ఏం మావా, రెండు నెలల తర్వాత ఇంటికొచ్చి మంచానికి దణ్ణం పెడుతున్నావేంటి?"

"మంచం కూడా ఎడమ పక్క ఎత్తే."

"ఇన్నేళ్ళ నుంచి దాని మీదే పడుకుంటున్నావు. ఏ రోజూ దొర్లిపోలేదే."

"నీకు తెలీదు. ఇది దొరల మట్టం. వెంట్రుక వాసి తేడా ఉన్నా పట్టేస్తుంది."

"అయితే వెంట్రుకలే కొలుచుకో. అన్నం చల్లారిపోతోంది."

అన్నం తింటూ కూడా అతని చూపు గోడల మీదే ఉంది. ఇన్నాళ్ళూ నిటారుగా కనిపించిన గోడలు ఇప్పుడు వాలుతున్నట్టు కనిపించాయి. సగం తిని లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాటి నుంచి ఊరి మీద పడ్డాడు. టీకొట్టు బల్ల చూశాడు, బడి వరండా చూశాడు, కాలవ మీద వంతెన పిట్టగోడ చూశాడు. ఎక్కడికెళ్ళినా ఒకటే పద్ధతి. సంచీలోంచి తీయడం, ఇత్తడి రేకు మీది ఇంగ్లీషు అక్షరాలు తన మొహం వైపు ఉండేలా పెట్టడం, మూత తోయడం, బుడగ చూడడం, సంచీలో వేసుకోవడం. అక్షరాలు అవతలి వైపుకి తిప్పి పెట్టాలని అతనికి ఎప్పుడూ తోచలేదు. తోచినా పెట్టడు. చదవడం రాకపోయినా ఆ అక్షరాలు తనని చూస్తుంటే అదొక ధైర్యం.

అన్నీ ఎడమ పక్కే ఎత్తు. ఒక గీత దాటి, ఎక్కడ చూసినా అంతే.

టీకొట్టు గవర్రాజు నవ్వాడు. "నా బల్ల వంకరైతే ఇంతమంది తాగిన టీలు ఎప్పుడో ఒలికిపోవాలి కదయ్యా."

"నువ్వు గ్లాసు నిండా పోస్తే కదా ఒలకడానికి" అన్నాడు లోవరాజు.

బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. లోవరాజు నవ్వలేదు. అతనికి లోపల ఏదో దురద. నలుగురూ కూర్చునే బల్ల, పిల్లలు చదువుకునే వరండా, అందరూ నడిచే వంతెన, అన్నీ ఒక పక్కకి లేచి ఉన్నాయి. ఎవరికీ పట్టడం లేదు. ఎలా నిద్రపోతున్నారు వీళ్ళంతా?

సత్యవేణి మాత్రం ఆ సాయంత్రం బియ్యం చెరుగుతూ ఒక మాట అంది. "ఊళ్ళో అన్నీ ఎడమ పక్కే లేచాయా మావా? ఒక్కటంటే ఒక్కటి కూడా కుడి పక్క లేవలేదా?"

"లేవలేదు."

"చిత్రంగా ఉందే."

"చిత్రమేముంది. కట్టినవాళ్ళందరికీ ఒకటే జబ్బు" అన్నాడు లోవరాజు.

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఎందుకంటే ఆ ఊళ్ళో కట్టినవాటిలో ముప్పావు వంతు అబ్బులు మేస్త్రి కట్టినవి. అబ్బులు మేస్త్రి లోవరాజుకి గురువు.

ఏడేళ్ళ నుంచి లోవరాజు ఆయన దగ్గరే ఉన్నాడు. తాపీ పట్టుకోవడం దగ్గర్నుంచి కమాను తిప్పడం దాకా ఆయన చేతి కిందే నేర్చాడు. ఇటుక పని వచ్చింది, పూత పని వచ్చింది. ఒక్కటే రాలేదు, పేరు. ఇప్పటికీ ఎవరు పిలిచినా "అబ్బులు మేస్త్రి మనిషి" అనే పిలుస్తారు. "మేస్త్రీ" అని అతన్ని ఒక్కరు పిలిస్తే ఒట్టు.

అబ్బులు మేస్త్రి పని చూస్తే లోవరాజుకి ఒళ్ళు మండేది. ఆ నిదానం అలాంటిది. ఆయన దగ్గర ఒక పొట్టి రసమట్టం ఉంది. అదీ దొరల కాలం నాటిదే గానీ, ఇత్తడి అంతా అరిగిపోయి, కర్ర మూలలు గుండ్రంగా తేలి, నది ఒడ్డున దొరికిన రాయిలా ఉంటుంది. ప్రతి వరస ఇటుకకీ దాన్ని బయటికి తీస్తాడు. ముందు తువ్వాలుతో దాని అడుగు తుడుస్తాడు. పెట్టబోయే చోటు తుడుస్తాడు. టేకు బద్ద వేసి, దాని మీద మట్టం పెట్టి, చెయ్యి తీసేస్తాడు. ఎండ పడుతుంటే తను నీడగా నిలబడతాడు. ఎండకి బుడగ చిక్కిపోతుందనీ, చేతి వేడికి జరుగుతుందనీ ఆయన లెక్క. బుడగ ఊగడం మానేదాకా ఆగి చూస్తాడు.

అక్కడితో అయిపోయిందా? కాలేదు. మళ్ళీ దాన్ని ఎత్తి, ఈ కొస అటూ ఆ కొస ఇటూ తిప్పి, సరిగ్గా అదే చోట పెట్టి, మళ్ళీ ఆగి, మళ్ళీ చూస్తాడు. అప్పుడు గానీ "ఊ, ఇటుక అందుకో" అనడు.

కూలీలు ఆ రెండోసారికి పేరు పెట్టుకున్నారు, 'ప్రదక్షిణం' అని. మేస్త్రి ప్రదక్షిణం చేస్తున్నాడంటే బీడీ ముట్టించుకునే వేళయిందని. లోవరాజు కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. పెద్దాయనకి తన కన్ను మీద తనకే నమ్మకం లేదు, అందుకే ఒకదాన్ని రెండుసార్లు చూస్తాడు అనుకునేవాడు. అలా ఎందుకు తిప్పుతారండీ అని ఏడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

లోవరాజు కాకినాడలో ఉన్న రెండు నెలల్లోనే అబ్బులు మేస్త్రి కొండలరావు గారి రైసుమిల్లులో ఇంజను దిమ్మ కట్టాడు. ఊళ్ళోకి అంత పెద్ద ఇంజను రావడం అదే మొదలు. దాన్ని కూర్చోబెట్టే దిమ్మ మోకాలెత్తు కట్టి, పైన నల్ల రాయి పరిచి, ఇరవై రోజులు తడి గోనెలు కప్పి నీళ్ళు పోసి నానబెట్టారు. గురువారం ఫిట్టరు వచ్చి ఇంజను ఎక్కిస్తాడు. రెండో పంట దాళ్వా కోతలు మొదలయ్యేసరికి మిల్లు తిరగాలి.

దిమ్మ సమంగా లేకపోతే ఏమవుతుందో తాపీ పట్టినవాడికెవడికైనా తెలుసు. ఇంజను ఒక పక్క బరువేస్తుంది, బెల్టు జారిపోతుంది, బేరింగులు అరిగిపోతాయి. ఓ రోజు దిమ్మే చిట్లుతుంది.

సోమవారం సాయంత్రం లోవరాజు మిల్లు ముందు నుంచి వెళ్తున్నాడు. వెళ్ళిపోవాల్సింది. కాళ్ళు వెళ్ళనివ్వలేదు. గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాడు. దిమ్మ మీద గోనెలు తీసేశారు. నల్ల రాయి అద్దంలా ఉంది.

'ఒక్కసారి చూసి పోదాం' అనుకున్నాడు.

గుమ్మం వైపు నుంచే దిమ్మ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, అక్షరాలు తన వైపు పెట్టుకుని, మూత తోశాడు.

బుడగ ఎడమకి జరిగి, గీత దాటి ఆగింది.

ఇల్లు వంకరైతే కాపురం చేసుకోవచ్చు. వంతెన వంకరైతే నడిచిపోవచ్చు. ఇది ఇంజను.

"ఏమోయ్, ఏం చూస్తున్నావు?" అని వెనక నుంచి కొండలరావు గారి గొంతు వినిపించింది.

ఏమీ లేదండి అనేసి లేస్తే సరిపోయేది. గురువు దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్తే ఇంకా బాగుండేది. కానీ నాలిక కూడా కాళ్ళలాంటిదే ఆ రోజుల్లో, ఒకచోట ఉండలేదు.

"ఆయ్, బాబుగారండి, దిమ్మ తూర్పు పక్క ఎత్తుందండి."

కొండలరావు గారు వంగి చూశారు. ఇత్తడి చూశారు, నల్ల కర్ర చూశారు, గాజు గొట్టంలో బుడగ చూశారు. "ఎక్కడిదిరా ఇది?"

"దొరలదండి. బర్మింగ్‌హాందండి."

ఆయన నిటారుగా నిలబడి దిమ్మని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశారు. తర్వాత అన్నారు, "అబ్బులు పెద్దవాడైపోయాడు. కన్ను ఆనడం లేదేమో. ఇంజను ఎక్కాక బయటపడితే నా కొంప మునిగేది. రేపు పొద్దున్నే సమ్మెట వాళ్ళని పిలిపిస్తాను. పగలగొట్టించి నువ్వే మళ్ళీ కట్టు. ఫిట్టరుకి కబురు పెట్టి ఆపుతాను. ఈ కోతలు పోతే పోయాయి, ఇంజను దక్కుతుంది." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఇక నువ్వే మేస్త్రివి" అన్నారు.

ఏడేళ్ళ నుంచి ఎదురుచూసిన మాట. విన్నాక ఎగిరి గంతేయాలి కదా. లోవరాజు మూత వేయడం కూడా మరిచి మట్టాన్ని సంచీలో కుక్కేశాడు.

మిల్లులోంచి బయటికొచ్చి కాలవ గట్టు మీద ఇటు నడిచాడు, అటు నడిచాడు. గట్టు దిగాడు, ఎక్కాడు. నలభై ఏళ్ళుగా మేస్త్రి నిలబెట్టుకున్న పేరు రేపు పొద్దున సమ్మెట దెబ్బకి పగిలిపోతుంది. పగలగొట్టించేది తను. కానీ అబద్ధం చెప్పలేదు కదా. బుడగ చెప్పింది, తను చదివాడు. అంతేగా. అంతే అయితే మరి కాళ్ళు ఇంటివైపు ఎందుకు పోవడం లేదు?

చివరికి అవి గురువు ఇంటికే తీసుకెళ్ళాయి.

అబ్బులు మేస్త్రి అరుగు మీద కూర్చుని గోడ నిలువు చూసే తూకం గుండుకి కొత్త దారం కడుతున్నాడు. లోవరాజుని చూసి, "రారా, కాకినాడ నుంచి వచ్చి నాలుగు రోజులైందటగా. ఇప్పటికి దారి కనబడిందా?" అన్నాడు.

లోవరాజు కూర్చోలేదు. నిలబడే, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, మొత్తం చెప్పేశాడు. రసమట్టం సంగతీ, దిమ్మ సంగతీ, కొండలరావు గారి సంగతీ. ఇక నువ్వే మేస్త్రివి అన్న మాట మాత్రం మింగేశాడు.

అబ్బులు మేస్త్రి దారం ముడి వేసి, పళ్ళతో కొస కొరికి, గుండుని గాల్లో వదిలి చూశాడు. అది ఊగింది. ఊగడం ఆగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఎంత తేడా ఉంది?"

"ఒక గీతండి."

"సరే. పొద్దున నేనూ వస్తాను."

"మీరెందుకండి అక్కడికి, అందరి ముందూ..."

"నేను కట్టింది పగలగొడుతుంటే నేను లేకపోతే ఎలా? ఆ మట్టం తెచ్చుకో."

కోపం లేదు. తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది లోవరాజుకి. తిట్లకి ఎదురు చెప్పొచ్చు.

పొద్దున్నే మిల్లులో నలుగురు సమ్మెటలు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. కొండలరావు గారు కుర్చీ వేయించుకుని గుమ్మంలో కూర్చున్నారు. అబ్బులు మేస్త్రి ఆయనకి నమస్కారం పెట్టి, దిమ్మకి అవతలి వైపుకి వెళ్ళి, గోడ దగ్గర గోనె వేసుకుని కూర్చున్నాడు. లోవరాజు గుమ్మం వైపే, నిన్నటి చోటే ఉన్నాడు. గురుశిష్యుల మధ్య దిమ్మ ఉంది.

"ఏం అబ్బులూ, నువ్వేమంటావు?" అన్నారు కొండలరావు గారు.

"నేననేదేముందండి. మావాడు చూశాడు. ఇంకోసారి చూపిస్తాడు, అందరం చూద్దాం. ఏరా, పెట్టు."

లోవరాజు రసమట్టం పెట్టాడు. అబ్బులు మేస్త్రి జేబులోంచి సుద్దముక్క తీసి, వంగి, మట్టం రెండు కొసల దగ్గరా రాయి మీద గీతలు గీశాడు. మళ్ళీ వెనక్కి కూర్చున్నాడు.

"చెప్పు."

"ఎడమ పక్క ఎత్తండి."

"ఎడమంటే ఎటు?" అన్నారు కొండలరావు గారు.

"తూర్పండి. తూర్పు పక్క గీత దాటి ఉందండి."

సమ్మెటలవాళ్ళు గోడ వదిలి ముందుకొచ్చారు. అబ్బులు మేస్త్రి వాళ్ళ వైపు చూడనైనా చూడలేదు. గోనె మీద కొంచెం పక్కకి జరిగి, చోటు చేశాడు.

"ఒరే, అక్కడ వెలుతురు నీ వీపు మీద పడుతోంది. ఇటొచ్చి నా పక్కన కూర్చుని చూడు."

లోవరాజు రసమట్టం తీసుకుని దిమ్మ చుట్టూ తిరిగి వెళ్ళాడు. గురువు పక్కన గోనె మీద మోకాళ్ళు ఆనించాడు. చేతులకి అలవాటైన పద్ధతిలోనే, ఇంగ్లీషు అక్షరాలు తన మొహం వైపు వచ్చేలా, సరిగ్గా సుద్ద గీతల మధ్య పెట్టాడు. మూత తోశాడు.

బుడగ ఊగి, ఊగి, ఎడమకి జరిగి, గీత దాటి ఆగింది.

"ఎడమ పక్క..." అన్నాడు లోవరాజు. అని ఆగిపోయాడు.

ఇప్పుడతని ఎడమ చేతి వైపు గాదెల గది ఉంది. గాదెల గది ఉన్నది పడమర.

"ఊఁ, ఎడమ పక్క?" అన్నారు కొండలరావు గారు.

లోవరాజు మట్టం తీసుకుని మళ్ళీ గుమ్మం వైపుకి పరిగెత్తాడు. పెట్టాడు. ఎడమ. తూర్పు. మళ్ళీ ఇటు పరిగెత్తుకొచ్చాడు. పెట్టాడు. ఎడమ. పడమర. నేల మీంచి గడ్డిపోచ తీసి గీతకీ బుడగ కొసకీ మధ్య ఆనించి, గోటితో తుంచాడు. ఆ పోచ పట్టుకుని అటు పోయి చూశాడు. వెంట్రుక వాసి తేడా లేదు. అక్కడ ఎంత దాటిందో ఇక్కడా అంతే దాటింది.

"ఏంట్రా ఆ పరుగులు?" అన్నాడు సమ్మెటవాళ్ళలో ఒకడు. "దిమ్మకి ప్రదక్షిణం చేస్తున్నావా?"

మిగిలిన ముగ్గురూ నవ్వారు. ఆ మాట లోవరాజుకి ఎక్కడో తగిలింది. పరుగు ఆపాడు.

మెల్లిగా గురువు పక్కకొచ్చి కూర్చున్నాడు. తువ్వాలుతో మట్టం అడుగు తుడిచాడు. రాయి తుడిచాడు. పెట్టి, చెయ్యి తీసేశాడు. ఆగాడు. చూశాడు. తర్వాత దాన్ని ఎత్తి, ఈ కొస అటూ ఆ కొస ఇటూ తిప్పి, అదే చోట పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు మొదటిసారి అవతలి వైపుకి తిరిగాయి. అతనికి ఉత్త నల్ల కర్ర మిగిలింది. ఆగాడు.

బుడగ కుడికి జరిగింది.

ఇంటి గడపా, రోలూ, మంచం పట్టె, గవర్రాజు బల్ల, బడి వరండా, వంతెన, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందుకొచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా కుడి పక్క లేవలేదా మావా?

అబ్బులు మేస్త్రి దిమ్మ మీది సుద్ద గీతల్ని చూస్తున్నాడు. ఆయన ఒక్క మాటంటే చాలు, నలుగురిలో లోవరాజు పరువు పోయేది. నోరెత్తలేదు. ఆ మాట లోవరాజు కోసం అలా అట్టిపెట్టినట్టు ఉంది.

"ఒరే, తెల్లారింది మొదలు కుర్చీలో కూర్చోబెట్టావు నన్ను. ఏ పక్క ఎత్తు? చెప్పి చావు" అన్నారు కొండలరావు గారు.

తేలిగ్గా తప్పించుకునే దారులు లోవరాజుకి రెండు మూడు కనిపించాయి. రాత్రికి రాత్రి రాయి సర్దుకుందండీ అనొచ్చు. నిన్న వెలుతురు చాల్లేదండీ అనొచ్చు. నాలిక ఒకసారి అటు కదిలింది కూడా.

లేచి నిలబడ్డాడు.

"బాబుగారండి, దిమ్మ ఏ పక్కా ఎత్తు లేదండి. సమంగానే ఉందండి. వంకర నా చేతిలో ఉందండి. ఎత్తు రాయిదైతే ఒకచోటే ఉండాలండి, ఇది మట్టంతో పాటే తిరుగుతోందండి. ఈ మట్టం లోపల గొట్టం ఒరిగిపోయిందండి. నేను చూసుకోకుండా నిన్న మీకు చెప్పేశానండి. తప్పు గురువుగారిది కాదండి, నాదండి."

కొండలరావు గారి మొహం ఎర్రబడింది. "అంటే నీ మాట పట్టుకుని ఇంత దిమ్మ పగలగొట్టించి, కోతలు పోగొట్టుకునేవాణ్ణా? దొరల మట్టం, బర్మింగ్‌హాం అని నాకు..."

"బాబుగారూ" అన్నాడు అబ్బులు మేస్త్రి గోనె దులుపుకుంటూ లేచి. "వీళ్ళు పొద్దున్నే సమ్మెటలు మోసుకొచ్చారు. టీలన్నా చెప్పండి పాపం."

కొండలరావు గారు ఆయన్ని చూశారు, లోవరాజుని చూశారు. "గురువారం ఫిట్టరు వస్తాడు" అని మాత్రం అన్నారు. "మీ ఇద్దరూ ఉండాలి."

గురువూ శిష్యుడూ కాలవ గట్టు మీద నడుస్తున్నారు. అబ్బులు మేస్త్రి ముందు, లోవరాజు రెండడుగులు వెనక. ఆయన నీళ్ళలో దిగిన గేదెల్ని చూసుకుంటూ నడుస్తున్నాడు. లోవరాజుకే ఆగలేదు.

"గురువుగారండి, దీని జబ్బు నాకు తెలిసిపోయిందండి. ఇత్తడి మూత కింద రెండు మరలున్నాయండి. విప్పి, గొట్టం ఒక కొస కింద కాగితం ముక్క మడిచి పెడితే సరిపోతుందండి. ఇంటికెళ్ళగానే చేసేస్తానండి. ఇంక ఎప్పటికీ తప్పు చెప్పదండి."

అబ్బులు మేస్త్రి ఆగాడు. వంతెన దగ్గరికొచ్చారు. భుజం మీది సంచీలోంచి తన పొట్టి రసమట్టం తీసి లోవరాజు చేతికిచ్చి, పిట్టగోడ వైపు చూపించాడు.

ఏడేళ్ళలో అది లోవరాజు చేతికి రావడం అదే మొదలు. అనుకున్నంత బరువు లేదు. అరిగి అరిగి అరచేతిలో ఇమిడిపోయింది. పిట్టగోడ తుడిచి, పెట్టి, చెయ్యి తీసి, ఆగాడు. బుడగ కుడికి జరిగింది. కొంచెం కాదు, గీత దాటి ఇంకో గీత దాకా పోయింది.

లోవరాజు గురువు మొహం చూశాడు. ఆయన కాలవలోకి చూస్తున్నాడు.

తిప్పి పెట్టాడు. ఆగాడు. బుడగ ఎడమకి, అంతే దూరం.

వంతెన సమంగానే ఉంది.

"ఇది నాదానికంటే ఎక్కువ పోయిందండి" అన్నాడు లోవరాజు మెల్లిగా.

"ఆఁ."

"ఎప్పట్నుంచండి?"

"మా గురువు నా చేతికిచ్చినప్పటికే ఇంతే."

"అంటే ఈ వంతెన, బడి, మిల్లు దిమ్మ... అన్నీ దీంతోనే కట్టారాండి?"

"ఇంకోటి ఎక్కడుంది నాకు?"

"మరి ఇన్నేళ్ళలో బాగుచేయించుకోలేదేమండి? రెండు మరలే కదండి."

అబ్బులు మేస్త్రి మట్టం అందుకుని, తువ్వాలు కొసతో తుడిచి, సంచీలో వేసుకున్నాడు.

"బాగుచేస్తే, తిప్పడం మానేస్తాను కదరా."